గోడ మీది గడువులు

డిసెంబరు మాసం రాగానే ప్రతి ఇంటా కొత్త క్యాలెండరు ప్రస్తావన వస్తుంది. కిరాణా దుకాణం వారు ఒకటి, నగల వర్తకులు ఒకటి, మస్జిదు కమిటీ వారు ఒకటి ఇస్తారు. దుకాణాల వారిచ్చే తెలుగు క్యాలెండరులో తేదీ ప్రక్కన తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం నిండుగా ఉంటాయి. మన పండుగలు సెలవుల పట్టికలో ఒక మూల కనిపిస్తాయి. మస్జిదు క్యాలెండరులో నమాజు వేళలు, హిజ్రీ తేదీలు ఉంటాయి గాని, ఇంటి సంగతులు వ్రాసుకొనడానికి అందులో చోటుండదు.

ఈసారి మా అమ్మాయి ఒక సూచన చేసింది. "అబ్బాజాన్, మన క్యాలెండరు మనమే తయారుచేసుకుందాము. ఆన్‌లైన్‌లో ఫొటోలు పంపితే అచ్చువేసి ఇంటికే పంపుతారు. ఒక ప్రతి దాదీ గదిలో పెడదాము, ఒకటి వంటింట్లో, ఒకటి దమ్మామ్‌లోని చాచాకు పంపుదాము" అన్నది. ముచ్చటగానే ఉన్నదనుకొని అంగీకరించాము. నాలుగు సాయంత్రాల పని అనుకున్నది మా ఇంటిల్లిపాదికీ ఒక పాఠమయింది. ఈ నెల ఆ అనుభవాన్నే పాఠకుల ముందుంచుతున్నాము.

మొదట పని తీరు చెబుతాము. ఇటువంటి ముద్రణ సేవలలో ముందుగా క్యాలెండరు పరిమాణం ఎంచుకోవాలి. గోడకు ఏ4 గాని, దానికి రెట్టింపైన ఏ3 గాని బాగుంటుంది. బల్లపై పెట్టుకొనే చిన్నవీ ఉంటాయి. తరువాత నెలకొక ఫొటో చొప్పున పన్నెండు, ముఖపత్రానికి మరొకటి పంపాలి. ఏ4 పుట నిండుగా ఫొటో స్పష్టంగా రావాలంటే అది సుమారు 2480 అడ్డము, 3508 నిలువు పిక్సెళ్ళు ఉండాలి. ఫోనులో చక్కగా కనిపించిన ఫొటో అచ్చులో మసకబారడానికి ప్రధాన కారణం ఈ కొలత చాలకపోవడమే. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన చిత్రం దారిలోనే కుదించుకుపోతుంది. అందుచేత బంధువుల నుండి ఫొటోలు తెప్పించుకొనేటప్పుడు వాటిని డాక్యుమెంటు రూపంలో పంపమని కోరడం మేలు. అంచులలో మూడు మిల్లీమీటర్ల మేర కోతకు పోతుంది గనుక ముఖ్యమైనదేదీ అంచుకు చేర్చరాదు. తెరపై వెలుగుతో కనిపించే రంగులు కాగితంపై కొంత ముదురుగా వస్తాయి. కాబట్టి వెలుతురు బాగున్న ఫొటోలనే ఎంచుకోవాలి.

ఇక ఏ ఫొటోలు పంపాలన్న ప్రశ్న వచ్చింది. అమ్మాయి తన ఫోనులో పండుగనాటి ఫొటోలు వరుసగా తీసి చూపింది. మనుమలు, మనుమరాళ్ళు, కొత్త బట్టలు, నవ్వులు! చూడడానికి కన్నుల పండువగానే ఉన్నాయి. కాని వాటిని సంవత్సరం పొడవునా గోడపై వేలాడదీయడానికి మా మనసు ఒప్పలేదు. చిత్రపటాలున్న ఇంట దైవదూతలు ప్రవేశించరన్న భావం గల హదీసులు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నాయి. బొమ్మలున్న తెర వేలాడుతుండగా దైవప్రవక్త (స) ముఖంలో కనిపించిన అయిష్టాన్ని గ్రహించి, హజ్రత్ ఆయిషా (రజి) దానిని చించి దిండ్లుగా మార్చిన ఉదంతం కూడా మనకు తెలిసినదే. కెమెరాతో తీసిన ఫొటో ఈ కోవలోనికి వస్తుందా, రాదా అన్న విషయంలో నేటి ధర్మపండితులలో అభిప్రాయభేదం ఉన్నది. కొందరు అవసరానికి మాత్రమే అనుమతిస్తారు, మరికొందరు దానిని అద్దంలోని ప్రతిబింబంతో పోలుస్తారు. ఆ చర్చకు తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. కాని మా ఇంట నమాజు చేసుకొనే గది గోడకు ముఖాలు వేలాడదీయకపోవడం అన్ని అభిప్రాయాల ప్రకారం క్షేమకరమైన మార్గమని భావించాము.

దీనికి మరొక కారణమూ ఉన్నది. మనం పంపే ఫొటో ముద్రణాలయంలో ఎందరి కంటనో పడుతుంది. అచ్చువేసేవారు, కత్తిరించేవారు, సరిచూసేవారు అందరూ మనకు అపరిచితులే. ఇంటి స్త్రీల ఫొటోలను వారి అనుమతి లేకుండా అలా పంపడం సభ్యత కాదు. అనుమతి ఉన్నా, పర్దా పాటించే కుటుంబానికి అది తగినది కాదు. పిల్లల ఫొటోల విషయంలోనూ ఈ జాగ్రత్త మంచిదే.

"ముఖాలు లేకపోతే అది మన క్యాలెండరు ఎట్లా అవుతుంది?" అని అమ్మాయి చిన్నబుచ్చుకున్నది. మా అమ్మీజాన్ ఆమెను దగ్గరకు తీసుకొని, "ఇల్లంటే ముఖాలేనా బేటీ? మీ దాదా చేతి వ్రాత లేదా? ఊరి ఇంటి వేపచెట్టు లేదా? నా అత్తర్ సీసా లేదా?" అన్నారు. ఆ మాటతో దారి దొరికింది. ఊరి ఇంటి వాకిలి, వేపచెట్టు, మా అబ్బాజాన్ అజాన్ ఇచ్చిన చిన్న మస్జిదు మినారు, మచిలీపట్నం తీరాన సూర్యోదయం, హైదరాబాదు మక్కా మస్జిదు ప్రాంగణం, అరిగిన జానమాజు, ఇఫ్తారు పళ్ళెంలో ఖర్జూరాలు, ఇలా పదకొండు కుదిరాయి. పన్నెండవదిగా అబ్బాజాన్ చేతి వ్రాతను ఉంచాలని నిశ్చయించి, బీరువా అడుగున ఉన్న ఆయన లెక్కల పుస్తకాన్ని బయటకు తీశాము.

ఆ పుస్తకమే మమ్మల్ని ఆపివేసింది.

కిటికీ ప్రక్కన ఉదయపు వెలుతురులో ఒక పుటను ఫొటో తీస్తున్న అమ్మాయి, దానిని పెద్దది చేసి చదివింది. అందులో అబ్బాజాన్ గుండ్రని అక్షరాలతో, "జమాదివుల్ అవ్వల్ 27: బేగం నగల జకాత్" అని వ్రాసి, తూకం, ధర, చెల్లించిన మొత్తం వేశారు. పుటలు త్రిప్పితే ప్రతి సంవత్సరమూ అదే హిజ్రీ తేదీ. మా అమ్మీజాన్ నగలు నిసాబు పరిమాణానికి, అనగా ఏడున్నర తులాల బంగారానికి చేరిన రోజు అది. దానిని ఆయన జీవితాంతం తప్పలేదు.

"ఇప్పుడు మన జకాత్ తేదీ ఏది బేటా?" అని అమ్మీజాన్ మమ్మల్ని అడిగారు.

"ఏప్రిల్ ఒకటి" అన్నాము.

"ఏప్రిల్ మన నెలేనా?"

మా వద్ద సమాధానం లేదు. అబ్బాజాన్ మరణానంతరం అమ్మీజాన్ తరఫున నగల జకాత్ లెక్కించే బాధ్యత మాపై పడింది. దుకాణం లెక్కలు మార్చి 31తో ముగుస్తాయి గనుక దానిని కూడా ఆ మరుసటి రోజే చూస్తే సులభమనుకున్నాము. ఆ సంవత్సరం అబ్బాజాన్ వ్రాసుకున్న తేదీ కూడా మార్చి చివరి వారంలోనే పడింది. రెండూ ఒకటేనని భ్రమించాము. 2014 నుండి నేటి వరకు ఆ తేదీని మార్చలేదు.

చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు. మనం వాడే ఆంగ్ల సంవత్సరం 365 రోజులు. ప్రతి ఏటా పదకొండు రోజుల తేడా వస్తుంది. పన్నెండేళ్ళు గడిచేసరికి ఆ తేడా 130 రోజులవుతుంది, అనగా నాలుగు నెలలకు పైమాటే. క్యాలెండరు కొరకు హిజ్రీ తేదీలు సరిచూస్తున్న మాకు, జమాదివుల్ అవ్వల్ 27 ఈ యేడు నవంబరు మూడవ వారంలోనే వచ్చి వెళ్ళిపోయిందని తెలిసింది. మేమేమో వచ్చే ఏప్రిల్ కొరకు నిశ్చింతగా ఎదురుచూస్తున్నాము.

ఇది ఆలస్యంతోనే ముగిసే విషయం కాదు. ముప్పై మూడు ఆంగ్ల సంవత్సరాలలో ముప్పై నాలుగు చాంద్ర సంవత్సరాలు గడుస్తాయి. ఆంగ్ల తేదీ ప్రకారం ముప్పై మూడుసార్లు జకాత్ చెల్లించి బాధ్యత తీరిందనుకొనే వ్యక్తి, తనకు తెలియకుండానే ఒక పూర్తి సంవత్సరపు జకాత్ ఎగవేసినవాడవుతాడు. వ్యాపార అవసరం వలన ఆంగ్ల సంవత్సరాన్ని విడువలేనివారు రెండున్నర శాతానికి బదులు సుమారు 2.577 శాతం చెల్లించాలని సమకాలీన పండితులు కొందరు చెప్పడానికి కారణం ఇదే. పది లక్షల రూపాయల సంపదపై ఇరవై అయిదు వేలు చెల్లించే చోట అది సుమారు 25,770 రూపాయలవుతుంది. కాని సాధ్యమైన చోట చాంద్రమాన తేదీనే పాటించడం సరైన పద్ధతి.

రూపాయల లెక్క కన్నా మమ్మల్ని ఎక్కువగా కలచివేసిన విషయం మరొకటి. మా జకాత్‌లో కొంత భాగం ప్రతి ఏటా మా వీధి చివర కుట్టుపని చేసుకొని నలుగురు పిల్లలను పోషించే ఒక వితంతు సోదరికి అందుతుంది. గత సంవత్సరం చలికాలంలో ఆమె పెద్ద కుమార్తె ఫీజు కట్టలేక కొన్ని వారాలు కళాశాల మానివేసిందని, ఎవరి వద్దనో అప్పు తెచ్చి కట్టారని మేము విని ఉన్నాము. "పాపం" అనుకున్నాము. అప్పటికే ఆమె హక్కు మా బీరువాలో ఉన్నదని మాకు తెలియదు. సంపన్నుల సొత్తులో యాచించేవారికీ, ఆపన్నులకూ హక్కున్నదని అల్లాహ్ జారియాత్ సూరాలో తెలిపాడు. హక్కు అన్న తరువాత అది ఉపకారం కాదు. ఇచ్చేవారి వీలును బట్టి గడువు మారేది అసలే కాదు.

ఆ రోజే లెక్క చూసి, చెల్లించవలసినది చెల్లించాము. పాత సంవత్సరాల విషయమై ధర్మపండితుని సంప్రదించాము. చెల్లింపులు లెక్కలో తగ్గలేదు గాని ఆలస్యమైనాయి కాబట్టి, అల్లాహ్‌ను క్షమాపణ వేడుకొని ఇకపై అసలు తేదీకి మరలాలని ఆయన సలహా ఇచ్చారు.

ఆ తరువాత మా క్యాలెండరు స్వరూపమే మారిపోయింది. ఫొటో పుటలో సగానికి తగ్గింది. తేదీల గడులు పెద్దవయ్యాయి. నెలవంకల గురించి ప్రజలు అడిగినప్పుడు, అవి మానవులకు కాలనిర్ణయం కొరకు, హజ్ కొరకు గుర్తులని చెప్పవలసినదిగా దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరా 189వ ఆయత్‌లో ఆదేశం వచ్చింది. హిజ్రీ శకం నెలకొన్న తీరు కూడా గమనార్హం. హజ్రత్ ఉమర్ (రజి) పరిపాలనా కాలంలో షాబాన్ మాసం గడువుగా గల ఒక పత్రం ఆయన ముందుకు రాగా, "ఇది ఏ షాబాన్? గడచినదా, నడుస్తున్నదా, రాబోయేదా?" అన్న ప్రశ్న తలెత్తిందని చరిత్రకారులు వ్రాశారు. సహాబాలతో సంప్రదించి, హిజ్రత్ జరిగిన సంవత్సరాన్ని శకారంభంగా ఆయన నిర్ణయించారు. ఒకరికి చెల్లించవలసిన గడువు తేలకపోవడం వంటి చిక్కుల నుండే మన క్యాలెండరు పుట్టిందని ఆ పత్రం కథ వలన తెలుస్తుంది. మా ఇంటి చిక్కు కూడా అదే!

ఇక్కడ ఒక సాంకేతిక జాగ్రత్త చెప్పాలి. మేము ఎంచుకున్న నమూనాలో హిజ్రీ తేదీలు సిద్ధంగానే ఉన్నాయి. కాని అవి సౌదీ అరేబియా లెక్క ప్రకారం వేసినవి. 2025లో అక్కడ మార్చి 1న రమజాన్ ఉపవాసాలు మొదలైతే, మన దేశంలో మార్చి 2న మొదలయ్యాయి. ఈదుల్ ఫిత్ర్ అక్కడ మార్చి 30న, ఇక్కడ మార్చి 31న జరిగింది. అందుచేత ఆ నమూనా తేదీలను తొలగించి, స్థానిక మస్జిదు క్యాలెండరును అనుసరించి మేమే వేసుకున్నాము. ఎవరు వేసినా ఇవి అంచనాలే, నెలవంక కనిపించిన తరువాతే మాసం ఖరారవుతుంది. కాబట్టి ప్రతి హిజ్రీ మాసారంభంలో ఒక చిన్న ఖాళీ గడిని ఉంచి, చంద్రదర్శనం తరువాత పెన్సిలుతో అసలు తేదీ వ్రాసుకొనే ఏర్పాటు చేశాము. ఆ బాధ్యత పిల్లలది. నెలకొకసారి మగ్రిబ్ తరువాత మిద్దె ఎక్కి ఆకాశం వైపు చూడడం వారికి అలవాటు కావాలని మా కోరిక. దమ్మామ్‌లోని తమ్ముని ప్రతిలో మాత్రం అక్కడి తేదీలనే ఉంచాము.

ఆ తరువాత కుటుంబమంతా కూర్చొని తేదీలు నింపాము. హిజ్రీ మాసాలలో 13, 14, 15 తేదీల ఐచ్ఛిక ఉపవాసాలు, ముహర్రం 9, 10, జుల్‌హిజ్జా 9న అరఫా దినం గుర్తించాము. ఖుర్బానీ ఇచ్చేవారు గోళ్ళు, వెంట్రుకలు తీయకుండా ఉండవలసిన దినాలు జుల్‌హిజ్జా నెలవంకతోనే మొదలవుతాయి గనుక, దానికి రెండు రోజుల ముందు ఒక గుర్తు పెట్టాము. నెలకొక ఆదివారం ఫుప్పు ఇంటికి వెళ్ళడానికి కేటాయించాము. చేబదులు తీసుకున్నవారికి తిరిగి ఇవ్వవలసిన తేదీలను పేర్లు లేకుండా ఒక చుక్కతో సూచించాము. గడువుతో కూడిన అప్పును వ్రాసిపెట్టుకోవాలని ఆదేశించిన ఆయత్ ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైనదన్న సంగతి ఇక్కడ స్మరణీయం. అయితే అప్పు పత్రం వేరు, గోడ మీది గుర్తు వేరు. ఒకరి అవసరాన్ని పదిమంది చూసేలా వ్రాయరాదు.

ఒక వస్తువును మాత్రం మా క్యాలెండరులో చేర్చలేదు. అది చెడ్డ రోజుల పట్టిక. దక్కను ప్రాంతంలో నేటికీ కొందరు సఫర్ మాసపు తొలి పదమూడు రోజులను 'తేరా తేజీ' అని పిలిచి శుభకార్యాలు వాయిదా వేస్తారు. సఫర్‌లో అపశకునం లేదని దైవప్రవక్త (స) స్పష్టం చేసిన తరువాత ఆ భయానికి చోటు లేదు. బాధ్యతను మరచిపోవడమే రోజును చెడగొడుతుందని మాకు ఈసారి బాగా బోధపడింది.

మరొక విషయంలో అమ్మీజాన్ ముందుచూపు మాకు తోడ్పడింది. ముఖపత్రంపై ఒక ఆయత్‌ను అందమైన అరబ్బీ లిపిలో వేయాలని మేము అనుకున్నాము. "సంవత్సరం ముగిసిన తరువాత ఆ కాగితం ఎక్కడికి పోతుంది?" అని ఆమె అడిగారు. పాత క్యాలెండర్లు పిల్లల పుస్తకాలకు అట్టలవుతాయి, అలమార అరలలో పరుచుకొనడానికి పోతాయి, తుక్కు బండి ఎక్కుతాయి, చివరకు బజ్జీల పొట్లాలవుతాయి. అల్లాహ్ నామమున్న కాగితానికి ఆ గతి పట్టరాదు. అందుచేత ఆయత్‌కు బదులు సూరా పేరు, ఆయత్ సంఖ్య మాత్రమే వేశాము. చూసినవారు ఖుర్ఆన్ తెరచి చదువుకుంటారు. ఇప్పటికే అటువంటి క్యాలెండర్లు మీ ఇంట ఉంటే, ఆ భాగాన్ని వేరుచేసి శుభ్రమైన చోట పూడ్చిపెట్టడమో, పండితులు సూచించిన మరొక గౌరవప్రదమైన పద్ధతి పాటించడమో చేయాలి.

అచ్చుకు పంపే ముందు నమూనా ప్రతిని తప్పక చూడాలి. మాకు వచ్చిన మొదటి నమూనాలో తెలుగు ఒత్తులు విడిపోయి, 'జుల్‌హిజ్జా' చదవరాకుండా ఉన్నది. ఉర్దూ అక్షరాలు విడివిడిగా, తలక్రిందుల వరుసలో వచ్చాయి. చాలా నమూనాలు ఆంగ్ల అక్షరాలను దృష్టిలో ఉంచుకొని తయారైనవే కావడం దీనికి కారణం. తెలుగు, ఉర్దూ భాగాలను మన కంప్యూటరులోనే కూర్చి, చిత్రంగా గాని పీడీఎఫ్‌గా గాని మార్చి పంపితే ఈ చిక్కు తీరుతుంది. ఇంట్లో ఇద్దరు వేరువేరుగా తేదీలు సరిచూడాలి. వారం తప్పితే ఏడాదంతా తప్పే. కాగితం నునుపుగా మెరిసేది కాకుండా, పెన్సిలుతో వ్రాయడానికి వీలైనది ఎంచుకోవాలి.

మూడు ప్రతులూ వచ్చాయి. అమ్మీజాన్ తన గదిలో గోడకు వ్రేలాడే ప్రతిలో నవంబరు పుట తీసి చూశారు. ఆ పుట పైభాగాన అబ్బాజాన్ లెక్కల పుస్తకం ఫొటో ఉన్నది. దాని క్రింద వచ్చే ఏటి నవంబరు 8వ తేదీ గడిలో 'జమాదివుల్ అవ్వల్ 27, నెలవంకను బట్టి' అని అచ్చయింది. ఆమె చాలాసేపు ఆ వ్రాతను చూసి, "ఆయన తేదీ ఆయనకు తిరిగి ఇచ్చారు" అన్నారు.

ప్రియ పాఠకులారా! మీరు కూడా ఇటువంటి క్యాలెండరు చేయించుకోవాలనుకుంటే, ఫొటోలు ఎంచుకొనే ముందు ఇంటి పెద్దలను రెండు ప్రశ్నలు అడగండి. మన జకాత్ తేదీ హిజ్రీ ప్రకారం ఏది? మనం ఎవరికి, ఏ నాటికి, ఏమి చెల్లించవలసియున్నది? నిసాబు చేరిన తేదీ గుర్తులేనివారు బాగా ఆలోచించి ఒక తేదీని అంచనాగా నిర్ణయించుకొని దానికి కట్టుబడవచ్చు. 2030లో రమజాన్ జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరొకసారి మొదలుకానున్నది. ఆంగ్ల తేదీల వెంట నడిచేవారిని ఆ సంవత్సరం మరింత తికమకపెడుతుంది. నేటి నుండే చాంద్రమాన తేదీలకు అలవాటుపడిన ఇంట ఆ చిక్కు ఉండదు.

కాలం మన చేతిలో ఉన్న అమానత్. దానిలో ఇతరుల హక్కులున్న దినాలను గుర్తుంచుకొని, వాటిని సకాలంలో చెల్లించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.